నాలుక కింది మాట

ఉదయం ఏడింటికల్లా శివమ్మ కాలనీ గేటు దాటి లోపలికి వచ్చేది. శామీర్‌పేట చెరువుకు అవతలి ఒడ్డున వాళ్ల ఊరు. రోడ్డు దాకా నడిచి, అక్కడ షేర్ ఆటో ఎక్కి, కాలనీ మలుపులో దిగి మూడిళ్లలో పని చేసుకుని మధ్యాహ్నానికి మళ్లీ ఆటో ఎక్కేది. మూడిళ్లలో మొదటిది వెంకటరామయ్యగారిది. ఆయన తెనాలి వైపు మనిషి. విజయవాడలో ఒక అచ్చాఫీసులో ముప్పై ఎనిమిదేళ్లు ప్రూఫులు దిద్ది, కొడుకు ఫణిభూషణ్ ఇక్కడ ఇల్లు కొన్నాక భార్య పార్వతీదేవితో కలిసి వచ్చేశాడు. శివమ్మ వాకిలి ఊడ్చే వేళకు ఆయన వరండాలో కుర్చీ వేసుకుని, చేతిలో పెన్సిలుతో పేపరు మీదికి వంగి ఉండేవాడు. అక్షరాలను చిందరవందరగా ఇచ్చి అసలు మాటేదో కనిపెట్టమనే గళ్లు పేపర్లో వస్తాయి. అవి పూర్తయితే గానీ ఆయన టిఫినుకు లేవడు.

ఆ చుట్టుపక్కల ఎవరు పోయినా అక్షరాలు పేర్చి పెట్టమని ఆయన దగ్గరికే వచ్చేవారు. మనిషి పోయాక నాలుక కింద నాలుగైదు అక్షరాలు మిగులుతాయి గదా. చివరి స్నానం చేయించేటప్పుడు వేలు పెట్టి వాటిని బయటికి తీస్తారు. సీతాఫలం గింజల్లా నల్లగా, నున్నగా ఉంటాయి. గుడులు, కొమ్ములు, సున్నాలు అన్నీ ఉంటాయి గానీ వరస మాత్రం ఉండదు. పోయే మనిషి నోటిదాకా వచ్చిన ఆఖరి మాట అది. పదకొండో రోజులోగా దాన్ని పేర్చి, పైకి చదివి, అక్షరాలను నీళ్లలో వదిలేస్తారు. చాలామటుకు చిన్న మాటలే. పార్వతీదేవి తల్లికి వచ్చినవి రెండే అక్షరాలు, కా, ఫీ. తనకు కావాలందో, వచ్చినవాళ్లకు ఇమ్మందో తేలక అక్కచెల్లెళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. శివమ్మ అత్త ముత్తమ్మకు పైలం అని వచ్చింది. జాగ్రత్తగా ఉండమని ఎవరికి చెప్పిందో తెలియక, ఊళ్లో ప్రతివాళ్లూ ఆ మాట తమకే అనుకున్నారు.

శివమ్మ మొగుడు పరమేశ్ చేపలు పట్టేవాడు. చెరువులో చేప పలచబడ్డాక వల అటక మీదికి చేరింది. శివమ్మ తమ్ముడు బాలమల్లు దూలపల్లిలో ఒక రసాయనాల షెడ్డులో పని చేస్తూ, బావను కూడా అక్కడే పెట్టించాడు. ఖాళీ అయిన డ్రమ్ముల్లోకి దిగి కడిగే పని. పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం పరమేశ్ ఆ పనిలోనే చనిపోయాడు. సాయంత్రం శవంతోపాటు బండిలో వచ్చిన బాలమల్లు అక్క కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"ఒక్క నిమిషం గూడ పట్టలేదక్కా," అన్నాడు. "గట్ల పడ్డడు, గట్ల పోయిండు. తకిలీఫ్ పడలే."

ఆ తర్వాత ఎన్నో రోజులు శివమ్మను నిలబెట్టింది ఆ మాటే. బాధ పడకుండా పోయాడు. ఎవరు పలకరించినా ఆమె అదే చెప్పేది. అన్నం నోట్లో పెట్టుకునేటప్పుడు మనసులో అదే అనుకునేది.

మగవాళ్ల నోట్లోంచి అక్షరాలు తీయవలసింది బామ్మర్ది. బాలమల్లు తీసి ఇత్తడి పళ్లెంలో పెట్టాడు. మూడే వచ్చాయి. తాం, ది, పై. ఊళ్లో పెద్దమనిషి వీరయ్య అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఇంటర్ పరీక్షలు రాసి ఉన్న కూతురు దీప ఆ పళ్లెం వైపు చూడనే చూడలేదు. ఎట్లా పెట్టినా మాట కుదరలేదు. బావ గొంతు లోపల కాలింది గనుక మాట కూడా విరిగి వచ్చి ఉంటుందని బాలమల్లు చెబితే, అందరూ నిజమేనన్నారు. పదకొండో రోజు దాటిపోయింది. పేర్చని అక్షరాలను నీళ్లలో వదలకూడదు. శివమ్మ వాటిని ఒక డబ్బాలో వేసి గూట్లో పెట్టింది.

వానలు వెనకబట్టాక ఒక రోజు, మూడిళ్ల పని అయ్యాక, ఆ డబ్బా తెచ్చి వెంకటరామయ్య ముందు పెట్టింది. ఇంతకుముందే ఎందుకు తేలేదని ఆయన అడగలేదు. అక్షరాలను అరచేతిలో పోసుకుని, కళ్లద్దాలు పైకి జరిపి, ఒక్కొక్కటిగా వేలితో తడిమి చూశాడు. గొంతు కాలిన సంగతి శివమ్మ చెబితే విని, తల అడ్డంగా ఊపాడు.

"మాట విరగదమ్మా. నిప్పుల్లో పోయినవాళ్లకూ, నీళ్లలో పోయినవాళ్లకూ కూడా పేర్చాను నేను. ఎప్పుడూ మాట నిండుగానే వస్తుంది. ఇందులో ఒకటి తగ్గింది. ఎక్కడో పడిపోయింది."

వారం రోజులపాటు ఆయన నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాడు. తనకు తెలిసిన అక్షరాలన్నీ ఆ మూడింటి ముందూ వెనకా మధ్యలోనూ పెట్టి చూశాడు. చివరికి ఓడిపోయినట్టుగా డబ్బా తిరిగి ఇచ్చేస్తూ, తాను అన్నీ పెట్టి చూశాననీ, అసలు మాట కూడా తన చేతికింద నుంచే జారిపోయి ఉంటుందనీ, అది వినగానే గుర్తుపట్టే చెవి తనకు లేదనీ అన్నాడు. మీ ఆయన మాట నీ చెవికే తెలుస్తుంది, అక్షరాలు నేర్చుకో, అన్నాడు. శివమ్మకు నలభై మూడేళ్లు. నవ్వబోయింది గానీ ఆయన ముఖం చూసి ఊరుకుంది.

అట్లా మొదలైంది. పని అయ్యాక అరగంట వరండా మెట్టు మీద కూర్చునేది. ఆయన పాత పేపర్లలోని పెద్ద శీర్షికల నుంచి అక్షరాలు కత్తిరించి, అట్టముక్కల మీద అంటించి, కలగలిపి ఆమె ముందు పోసేవాడు. ఆమె మొట్టమొదట పేర్చిన మాట వల. రెండో రోజు రు, చె, వు ఇచ్చాడు. ఆమె చాలాసేపు చూసి, ఇందులో సె లేదు గద సార్, సెరువు ఎట్లయితది అంది. రాసేది చెరువు, నీ నోట్లో సెరువు, నీళ్లు మాత్రం అవే అని ఆయన నవ్వాడు. పార్వతీదేవి అడగకుండానే మంచినీళ్ల గ్లాసు, టీ తెచ్చి మెట్టు మీద పెట్టి వెళ్లేది.

చలికాలం వచ్చేసరికి శివమ్మ ఐదారు అక్షరాల మాటలు పేర్చేది. పేర్చాక అర్థం అడిగేది. ఉపశమనం అంటే ఏంది, నిర్లక్ష్యం అంటే ఏంది. ఆయన చెప్పేవాడు. నిర్లక్ష్యం అంటే పట్టించుకోకపోవడమని చెప్పినప్పుడు, గంత చిన్న ముచ్చటకు గంత కష్టమైన మాటెందుకు అంది. బదులుగా ఆయన ఆమె మాటలకు అర్థాలడిగి ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాడు. బుగులు అంటే భయం. తొవ్వ అంటే దారి. సోయి అంటే ఒంటి మీద తెలివి.

ఇంటి దగ్గర మటుకు ఆమె వెతుకులాట వేరు. తాం, ది పక్కపక్కన పెట్టిన రోజే ఆమెకు సగం తెలిసిపోయింది. వస్తాంది, పోతాంది, కురుస్తాంది. తామందరూ రోజూ అనే మాటకు తోక అది. వెంకటరామయ్య నిఘంటువులో ఆ తోక లేదు. అంటే చివర తాంది, దాని ముందు పై. పోయిన అక్షరం వాటికి ముందుండాలి. శివమ్మ ఏ గుణింతం నేర్చుకుంటే ఆ గుణింతం తెచ్చి ముందు పెట్టి పైకి అనేది. కపైతాంది, కాపైతాంది, కిపైతాంది. కో దగ్గర రెండు రోజులు ఆగింది. కోపంతో పోయాడా అనుకుంది. పరమేశ్ కోపం వస్తే వల భుజాన వేసుకుని బయటికి పోయేవాడే తప్ప నోటితో చెప్పే మనిషి కాదు. పైగా కోపమైతే మ ఉండాలి. వదిలేసి ముందుకు పోయింది. చకారం, టకారం, తకారం అయిపోయాయి.

దీపకు ఇదంతా నచ్చలేదు. తెలుసుకొని ఏం చేస్తవు అని ఒకసారి అడిగింది. ఇంటర్ పాసయ్యాక ఆ పిల్ల ఖాళీగానే ఉంది. శివరాత్రి దాటాక దూలపల్లి షెడ్డులోనే ప్యాకింగు పనికి రమ్మని బాలమల్లు మాట్లాడి పెట్టాడు. పరమేశ్ పోయిన రెండు నెలలకే బాలమల్లును అక్కడ రెండో షిఫ్టుకు మేస్త్రీని చేశారు. డ్రమ్ముల వైపు కాదు, డబ్బాలకు చీటీలు అంటించే పనే అని చెప్పి అక్కను ఒప్పించాడు.

శివరాత్రికి ముందు ఆదివారం. ఉదయం తొమ్మిదవుతోంది. శివమ్మ గడప లోపల కూర్చుని ద గుణింతం పెడుతోంది. దీప బయట బట్టలు ఉతుకుతోంది. దపైతాంది, దాపైతాంది, దిపైతాంది, దీపైతాంది. కూతురి పేరులోని అక్షరం వచ్చిందని ఒక క్షణం ఆగి, మళ్లీ సాగింది. దుపైతాంది.

దూపైతాంది.

ఆమె నోరు అనేసింది గానీ చెవి ఇంకా వినలేదు. వేలు తర్వాతి అట్టముక్క కోసం వెతుకుతోంది. అంతలో దీప తడి చేతులతో లోపలికి వచ్చి, బిందెలోంచి చెంబు ముంచి తల్లి ముందు పెట్టింది.

శివమ్మ ఎందుకన్నట్టు చూసింది.

"దూపైతాందన్నవ్ గదమ్మా," అంది దీప.

శివమ్మ చెంబు వైపు చూసింది. కింద ఉన్న మూడు నల్లటి అక్షరాల వైపు, వాటి ముందున్న అట్టముక్క వైపు చూసింది. వెంకటరామయ్య ఇంట్లో అడగకముందే నీళ్లిస్తారు. అందుకే ఇన్ని నెలల్లో ఆ మాట ఆమె అక్కడ అనవలసిన అవసరం రాలేదు, ఆయన పుస్తకంలోకి ఎక్కలేదు.

ఒక్క నిమిషం కూడా పట్టని చావులో దూప ఉండదు. దూప కావాలంటే గొంతు ఎండాలి, ఎండేంత సేపు ప్రాణం ఉండాలి, ఎవరో ఒకరు వింటారన్న ఆశ ఉండాలి. అట్లాంటి మాట గోడకు చెప్పరు. ఆమె ఆ రోజు వంట చేయలేదు. ఆ అక్షరాలను నోట్లోంచి తీసిన చెయ్యి ఎవరిదో ఆలోచిస్తూ కూర్చుంది. మధ్యాహ్నం దీప చేత ఫోను చేయించి తమ్ముణ్ణి పిలిపించింది.

బాలమల్లు బండి మీద వచ్చాడు. గడపలో కాలు పెట్టగానే నేల మీది అక్షరాలు కనపడ్డాయి. అప్పటికి శివమ్మ అట్టముక్క తీసేసింది. మూడు అక్షరాలు, వాటి ముందు ఒక వేలెడు ఖాళీ. అతను చొక్కా జేబులో చెయ్యి పెట్టి, మడతలు నలిగిపోయిన ఒక కాగితం తీశాడు. దాన్ని విప్పి, లోపలున్న నల్లటి అక్షరాన్ని ఖాళీలో పెట్టి, పక్కన కూర్చున్నాడు. తొమ్మిది నెలలుగా ఏ రోజు చొక్కా మారిస్తే ఆ రోజు కాగితాన్ని ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారుస్తూ వచ్చాడు. పారేయడానికి చెయ్యి రాలేదు.

ఏం జరిగిందో అప్పుడు చెప్పాడు. ఆ రోజు పన్నెండున్నరకు పరమేశ్ డ్రమ్ములోంచి తనంతట తనే పైకి వచ్చి, దగ్గుతూ షెడ్డులో పడిపోయాడు. సూపర్‌వైజరు ప్రవీణ్ మిగతావాళ్లను బయటికి పంపి షట్టర్ కిందికి దించాడు. మొదలు ఓనరు రావాలి, ఆ తర్వాతే అంబులెన్సు అన్నాడు. ఓనరు వచ్చేసరికి మూడైంది. అందాకా ఎవరినీ లోపలికి పోనివ్వొద్దని బాలమల్లును షట్టర్ బయట నిలబెట్టాడు. షట్టరుకూ నేలకూ మధ్య జానెడు సందు ఉంది. పరమేశ్ ఆ సందు దాకా పాకి వచ్చాడు.

"నన్ను పేరు పెట్టి పిలిచిండక్కా," అన్నాడు బాలమల్లు. "నీళ్ల క్యాను నా పక్కనే ఉండె. సందులకు చెయ్యి పెడితె నీ నౌకరి పోతదన్నడు ప్రవీణ్. నేను గోడ దిక్కు మల్లి నిలబడ్డ. ఎన్నిసార్లన్నడో యాదికి లేదు. తర్వాత అనలే."

దీప లేచి ఇంటి వెనక్కు వెళ్లిపోయింది. శివమ్మ తమ్ముడి చేతుల వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చేతులకు స్నానం పోసింది తనే, అన్నం కలిపి పెట్టింది తనే. తల్లి పోయినప్పుడు వాడికి ఆరేళ్లు.

"గీ ముచ్చట నాకు జెప్పినట్టే స్టేషన్ల జెప్పు," అంది చివరికి.

తనను కూడా లోపలేస్తారని, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారని అతను అన్నాడు. చీకటి పడకముందే వెళ్లిపోయాడు. ఇక రాడనుకుంది. సోమవారం తెల్లవారి, ఆమె పనికి బయల్దేరే వేళకు, తలకు స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకుని వాకిట్లో బండి ఆపి నిలబడ్డాడు. ఆ రోజు శివమ్మ పనికి పోలేదు. నాలుగు అక్షరాలూ డబ్బాలో పెట్టుకుని బండి ఎక్కింది.

పోలీసు స్టేషనులో రాతపని చూసే రైటరు కాస్త వయసు మళ్లిన మనిషి. చెడ్డవాడు కాదు. డబ్బాలోని అక్షరాలు చూసి చెప్పులు విడిచి మళ్లీ కూర్చున్నాడు. బాలమల్లు చెప్పిందంతా ఓపికగా విని, మధ్యలో రెండుసార్లు ఆపి సమయాలు అడిగి, రెండు పేజీలు రాశాడు. చదువుకుని సంతకం పెట్టమని కాగితాలు తిప్పి ముందుకు నెట్టాడు. బాలమల్లు చదవకుండానే పెన్ను అందుకున్నాడు.

శివమ్మ ఆ కాగితాలు తన వైపు లాక్కుంది. వేలు కింద పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. రైటరు గోడ గడియారం వైపు చూశాడు గానీ ఆపలేదు. ఒక పేజీ అయింది. రెండో పేజీ మధ్యలో ఆమె వేలు ఆగిపోయింది. అట్లాంటి అక్షరం ఆమె ఎప్పుడూ పేర్చలేదు. స కింద ప, దాని కింద ఇంకేదో వంకర. తర్వాత హ.

"గీ మాటేంది సార్?"

"స్పృహ," అన్నాడు రైటరు.

"అంటే?"

ఆయన కొంచెం తటపటాయించాడు. "సోయి అన్నట్టు."

శివమ్మ మళ్లీ ఆ వాక్యం మొదటికి వెళ్లింది. నేను వెళ్లి చూడగా అప్పటికే పరమేశ్ స్పృహలో లేడు. దాన్ని రెండుసార్లు చదివింది.

"సోయి లేకుండె అని రాసిండ్రా సార్?"

రైటరు పెన్ను మూత పెట్టి, గొంతు తగ్గించాడు. షట్టర్ దించిన సంగతి, అంబులెన్సు పిలవని సంగతి అన్నీ రాశాననీ, ప్రవీణ్‌కూ ఓనరుకూ అది చాలుననీ అన్నాడు. "నీ తమ్ముడని గట్ల రాసిన. ఇట్లుంటె సాక్షి అయితడు. తను జెప్పినట్టే రాస్తె ఆయన గూడ ముద్దాయే. సోంచాయించుకో."

శివమ్మ తమ్ముడి వైపు చూసింది. అతను బల్ల మీద ఉన్న డబ్బాను చూస్తున్నాడు. మెడ మీద చెమట కారి చొక్కా కాలరులోకి దిగుతోంది. ఆమె ఊరుకుంటే వాడు ఇంటికి పోతాడు. పిల్లల దగ్గరికి పోతాడు. ఊరుకుంటే పరమేశ్ ఏ మాటా అనకుండా పోయినట్టే, ఎప్పటికీ.

"సోయి ఉండె సార్," అంది. "మాట గూడ ఉండె. రాయుండ్రి."

బాలమల్లు తల పైకెత్తి, రాయండి సార్ అన్నాక రైటరు ఆ వాక్యం కొట్టేసి, పక్కన చిన్న సంతకం చేసి, కొత్త వాక్యం రాశాడు. పరమేశ్ దాహం వేస్తోందని పలుమార్లు అన్నాడు. శివమ్మ అదీ చదివింది. ఆయన గట్ల అనలే, అన్న మాటే రాయుండ్రి అంది. రైటరు దాహం కొట్టేశాడు. పెన్ను కాగితం మీద పెట్టి ఆగాడు.

"దూప అంటే ఏ ద అమ్మా? ఒత్తు ఉంటదా?"

"ఉండదు సార్. ఉత్త ద," అంది శివమ్మ. "కొమ్ముకు దీర్ఘం."

ఆయన రాశాడు. బాలమల్లు రెండు పేజీల కిందా సంతకం పెట్టాడు. రైటరు నాలుగు అక్షరాలనూ ఒక కవర్లో వేసి, అంటించి, మైనం పెట్టాడు. కేసు తేలేదాకా అవి తన దగ్గరే ఉండాలనీ, ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేననీ, అందాకా నీళ్లలో వదలడానికి వీల్లేదనీ చెప్పాడు. ఖాళీ డబ్బా శివమ్మకు ఇచ్చేశాడు. బాలమల్లును లోపలి గదిలోకి రమ్మన్నారు. అతను బెల్టు విప్పి బల్ల మీద పెట్టి, జేబులోంచి బండి తాళంచెవి తీసి అక్క చేతిలో పెట్టాడు.

అప్పటికి ఎండ ముదిరింది. శివమ్మ దీపకు ఫోను చేసి, ఆ షెడ్డుకు పోయే పని లేదని చెప్పింది. మామ ఏడి అని దీప అడిగితే, వచ్చి చెబుతానని పెట్టేసింది. తర్వాత బండి స్టాండు తీసి, హ్యాండిలు పట్టుకుని, రోడ్డు పక్కన తోసుకుంటూ నడిచింది. ఊరు నాలుగు కిలోమీటర్లు. బండి బరువుకు మాటిమాటికీ పక్కకు ఒరుగుతోంది. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. కాలనీ మలుపు దగ్గర స్కూటీ మీద పోతున్న ఒకామె వేగం తగ్గించి, పెట్రోల్ అయిపోయిందా ఆంటీ అని అడిగింది.

"ఉన్నది బిడ్డా," అంది శివమ్మ. "నడిపేటోడే లేడు."